బుట్ట బోర్లించే రోజు

పాల ప్యాకెట్ మూలని పూర్తిగా కత్తిరించకూడదు. పాలు ధారగా వచ్చేంత చీలిక పెట్టి, ఆ కొసని ప్యాకెట్‌కే వేలాడనివ్వాలి. తెగిపోయిన ముక్క గోరంత ఉంటుంది. దాన్ని ఏ యంత్రమూ పట్టుకోలేదు, ఏ చెయ్యీ ఏరలేదు. ఏ మురుక్కాలవలోకో పోయి, చివరికి ఏ చేప కడుపులోనో తేలుతుంది. ఈ మాట ఎన్నో బళ్ళలో, ఎన్నో వీధి మొగల్లో నిలబడి చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. మా ఇంట్లో మాత్రం రోజూ పొద్దున్నే సింకు అంచుకి ఒక ముక్క అంటుకుని ఉంటుంది. ఇంటర్వ్యూ ఉన్న ఆ రోజూ ఉంది. గోటితో గీరి తీశాను.

"ఆ ముక్క ఏరడం మానేసినంత మాత్రాన ప్రపంచమేం మునిగిపోదులే," అన్నాడు మా ఆయన కత్తెర పక్కన పెడుతూ.

"మునగదు," అన్నాను.

"పోనీలేరా, దాని పిచ్చి దానికానందం," అంది అత్తయ్య. "ఇంట్లో చెత్త, ఆఫీసులో చెత్త. ఇప్పుడా చెత్తకే పెద్దదవుతుందట."

పెద్దదవడమంటే డైరెక్టరు పదవి. మేము పనిచేసేది రీసైక్లింగ్ కోసం పోరాడే సంస్థ. చెత్త మేము ఎత్తం. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యమని ఇళ్ళకి చెబుతాం, వేరు చేసింది మళ్ళీ ఒకే లారీలో కలపొద్దని నగర కార్యాలయంతో తగువులాడతాం, మీ సీసాలు మీరే వెనక్కి తీసుకోండని కంపెనీల మీద ఒత్తిడి తెస్తాం. ఉన్న డైరెక్టరు వేరే ఊరు వెళ్ళిపోతున్నాడు. ఆ కుర్చీకి నేను దరఖాస్తు పెట్టానని ముందురోజు ఇంట్లో చెప్పాను. ఆయన కాసేపు నా వంక చూసి, "డైరెక్టరంటే మాట్లాడాలి కదా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే సందేహం. నేను మాట్లాడగా ఆయన ఎప్పుడూ వినలేదు మరి. చెడ్డవాడు కాదు. వాన మొదలైతే బయటున్న నా చెప్పులు లోపల పెడతాడు. నాకు జ్వరమొస్తే మందులషాపు దాకా నడిచి వెళతాడు, వచ్చి వంట ఎప్పుడవుతుందని అడుగుతాడు. రెండూ ఒకే మనిషి చేస్తాడు. ఇది అర్థం చేసుకోవడానికి కొన్నేళ్ళు కష్టపడ్డాను. తర్వాత ఆ కష్టం కూడా మానేశాను.

ఈమధ్య నాకు ఏదీ పెద్దగా అనిపించడం లేదు. బాధ అని చెప్పలేను. పన్ను పీకే ముందు మత్తుసూది ఇస్తారే, ఆ తర్వాత బుగ్గ మనదే అయినా మనది కానట్టుంటుంది, అలా. వేడి టీ తాగితే వేడని తెలుస్తుంది, అంతే. ఆ రోజు బస్సుకి కొంచెం ఆలస్యంగా పరుగెత్తాను. డ్రైవరు అద్దంలో చూసి ఆగాడు. ఎక్కాక "నెమ్మదిగా రండమ్మా, ఎక్కడికీ పోను," అన్నాడు. అది మంచి మాటని తెలిసింది. ఎక్కడో దాచుకోవాలని కూడా అనిపించింది. కానీ దాచుకునే చోటు ఎక్కడుందో గుర్తుకు రాలేదు.

ఇంటర్వ్యూ మా ఆఫీసులోనే, రోజూ నేను టీ కప్పులు సర్దే బల్ల దగ్గరే. కమిటీలో ముఖ్యుడు మాస్టారు. సంస్థని స్థాపించింది ఆయనే. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, ఇప్పుడు అందరికీ చెబుతాడు. పక్కన నర్సమ్మ. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరై మా దగ్గర సభ్యురాలైంది. నోటికి అడ్డూ అదుపూ ఉండవు. మిగిలినవాళ్ళు మాస్టారు తల ఊపినప్పుడు ఊపేవాళ్ళు. నాతోపాటు పోటీలో ఉన్నది ఒక్కడే. మా ప్రచార విభాగం చూసే అతను. ఏ సభలో అయినా చివరికి మైకు అతని చేతిలోకే చేరుతుంది కాబట్టి అందరం మైకు అనే పిలుస్తాం. పిలిస్తే సంతోషపడతాడు కూడా.

నేను చేసిన పని చెప్పాను. రెండు రకాల చెత్తకీ వేరు వేరు బళ్ళు పెట్టాలన్న వినతి రాసింది నేను. దాన్ని బల్ల నుంచి బల్లకి మోసుకుని, నగర కార్యాలయం మెట్ల మీద కూచుని, సంతకం పడేదాకా కదలనిది నేను. సంతకమయ్యాక విలేకరులతో మాట్లాడింది మైకు. అప్పుడు నేను పక్కన నిలబడి అతని కాగితాలు పట్టుకున్నాను. ఈ చివరిది చెప్పలేదు.

"నీ పని గురించి మాకు తెలియంది ఏముందమ్మా," అన్నాడు మాస్టారు. "సాయంత్రాలు మీటింగులుంటాయి. ఇంట్లో ఒప్పుకుంటారా?"

"మైకుని కూడా ఇదే అడిగారా?" అంది నర్సమ్మ.

"అతనికేముంది, మగాడు," అన్నాడు మాస్టారు. అని, మాట తేలిక చెయ్యడానికి నవ్వాడు. "చూడమ్మా, నేను మనసులో మాట దాచను. ఈ ఆఫీసుకి నువ్వు అమ్మలాంటిదానివి. అమ్మని తీసుకెళ్ళి డైరెక్టరు కుర్చీలో కూచోబెడితే, మరి అమ్మ పని ఎవరు చేస్తారు?"

బల్ల చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక, నా పెదాలు ఇంకా అలాగే సాగి ఉన్నాయని కొంచెంసేపటికి తెలిసి, వాటిని మామూలు చోటుకి తెచ్చుకున్నాను.

కమిటీ ఇద్దరి పేర్లూ వార్షిక సభకి పంపింది. మా దగ్గర ఆఖరి మాట సభ్యులదే. చేతులెత్తి ఎన్నుకుంటారు.

ఆ సభకొక ఆనవాయితీ ఉంది. మొట్టమొదట బల్ల మీద తెల్ల దుప్పటి పరుస్తారు. ఆఫీసులోని పొడి చెత్త బుట్టని, ఆ వారమంతా నిండిన బుట్టని, తెచ్చి అందరి ముందూ దాని మీద బోర్లిస్తారు. కాగితాలు, కడిగి ఆరిన డబ్బాలు, నొక్కి చదును చేసిన అట్టపెట్టెలు బయటపడతాయి. తడి మచ్చ ఒక్కటి ఉండదు. మాస్టారు దుప్పటి మీద అరచెయ్యి రాసి, ఆ చెయ్యి సభకి చూపిస్తాడు. "మన బుట్టే మన మాట," అంటాడు. చప్పట్లు. బయటి అతిథులు ఫోటోలు తీసుకుంటారు. ఊరందరికీ చెప్పేవాళ్ళు తాము చేసి చూపిస్తున్నారని పత్రికలు రాస్తాయి.

నేను చేరిన మొదటి సంవత్సరం, సభకి ముందు సాయంత్రం, ఆ బుట్టలో సగం కొరికిన రొట్టెముక్క కనపడింది. తీసేశాను. దాని కింద టీ ఓడుతున్న కాగితపు కప్పు. అదీ తీసి కడిగాను. తడిసిన కాగితాలు వేరు చేశాను. నన్నెవరూ చెయ్యమనలేదు. చెయ్యొద్దనీ అనలేదు. వారమంతా వదిలేసి చివర్లో చేస్తే వాసన పోదని తెలిసి, తర్వాత్తర్వాత రోజూ సాయంత్రం అందరూ వెళ్ళాక చెయ్యడం మొదలుపెట్టాను. సభ వారమే కాదు, అన్ని వారాలూ, ఎందుకంటే అతిథులు ఎప్పుడైనా రావచ్చు. ఆఫీసుకి తెప్పించే రబ్బరు గ్లౌజులు పెద్ద సైజువి. నా వేళ్ళు అందని కొసలు ఖాళీగా మడత పడేవి. వాటితోనే ఏరేదాన్ని. ఎవరు ఏం తింటారో, ఎవరు ఏ మందులు మింగుతారో, ఎవరు ఎవరికి ఉత్తరం రాసి చించేశారో నాకు తెలుసు. ఎవరికీ తెలియకుండా ఎవరి పరువో కాపాడుతున్నాననే చిన్న తృప్తి ఒకటి ఉండేది. దాన్ని దాచిపెట్టుకున్న మిఠాయిలా చాలా ఏళ్ళు కొంచెం కొంచెం చప్పరించాను.

ఇంటర్వ్యూ అయిన సాయంత్రం కూడా అందరూ వెళ్ళాక గ్లౌజులు తొడుక్కుని బుట్ట ముందు కూచున్నాను. మైకు కప్పు పైనే ఉంది, అడుగున వేలెడు కాఫీతో. చెయ్యి చాపాలి. చాచలేదు. కోపమొచ్చి కాదు. పంతమూ కాదు. పంతానికైనా కొంచెం వేడి కావాలి. చెయ్యి ముందుకు రాలేదు, అంతే. కాసేపు అలా కూచుని, గ్లౌజులు విప్పి సంచిలో పెట్టుకుని, దీపం ఆర్పి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. చాలా రోజుల తర్వాత వెలుతురుండగానే ఇల్లు చేరాను.

"ఇవాళ తొందరగా వచ్చావే," అంది అత్తయ్య.

"పని లేదత్తయ్యా."

"పని లేకపోవడమేమిటి? ఆఫీసు మూసేశారా ఏం?"

ఆ తర్వాత రోజులన్నీ బుట్టని చూస్తూ గడిచాయి. చూడటం తప్ప ఏమీ చెయ్యలేదు. ఒకరు తినేసిన అన్నం డబ్బా కడక్కుండా వేశారు. మరొకరు ముక్కు తుడుచుకున్న కాగితం. మాస్టారు మధ్యాహ్నం ఒక కమలాపండు తింటాడు, డాక్టరు చెప్పాడని. తొక్కలు దగ్గరున్న కరపత్రంలో చుట్టి, ఎటూ చూడకుండా వెనక్కి విసురుతాడు. సరిగ్గా బుట్టలోనే పడుతుంది. గురి తప్పదు. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది వాళ్ళ ధైర్యం. వెయ్యబోతూ ఒక్కరి చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగలేదు. తడి చెత్త బుట్ట పక్కనే ఉంది, ఒక్క అడుగు. సభ దగ్గరపడుతోందని అందరికీ తెలుసు. అయినా ఆ బుట్ట తనంతట తనే శుభ్రపడుతుందని, సూర్యుడు తెల్లారి మళ్ళీ వస్తాడన్నంత నమ్మకం. ఇంట్లో దుప్పట్లు తమంతట తామే మడత పడినట్టు, ఉప్పు డబ్బా దానంతట అదే నిండినట్టు.

సభ రోజు దుప్పటి ఇస్త్రీ చేసింది మాత్రం నేనే. అలవాటు కొద్దీ చేసేశాను. చేశాక గుర్తొచ్చింది, ఇదీ నా పని కాదని. మడతలు బాగా కుదిరాయి. అలాగే ఉంచేశాను.

హాలు నిండింది. ముందు వరుసలో అతిథులు, నగర కార్యాలయం నుంచి ఒక అధికారి. వెనక వరుసల్లో మా కార్యకర్తలు. దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టి చెప్పేది వాళ్ళే. ముందు వరుసలో కూచోమంటే, "అక్కడ కూచుంటే మధ్యలో లేచి వెళ్ళలేం, ఇంటికి పోవాలి," అంటారు. మైకు బుట్టని ఎత్తుకొచ్చాడు, గుడి మెట్లెక్కే పెళ్ళికొడుకులా నిటారుగా. నాలుగు మంచి మాటలు చెప్పి బోర్లించాడు.

ముందు వాసన వచ్చింది. తర్వాత ఒక చప్పుడు, తడి గుడ్డ నేల మీద పడినట్టు. కాఫీ దుప్పటి మీద నెమ్మదిగా పాకింది. అన్నం డబ్బా మూత ఊడి దొర్లింది. ఆఖర్న ఒక ఉండ బయటపడి, విచ్చుకుని, అందులోంచి బూజు పట్టిన కమలాతొక్కలు జారాయి. చుట్టిన కాగితం మీద పెద్దక్షరాలు స్పష్టంగా కనపడుతున్నాయి: 'తడి వేరు, పొడి వేరు'. మాస్టారు రాసిందే.

మాస్టారు అరచెయ్యి అప్పటికే దుప్పటి వైపు చాచాడు. దాన్ని గాల్లోనే ఆపుకుని, తల తిప్పి, అంతమందిలో నన్ను వెతికి పట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? ఈసారి చూసుకోలేదా?"

ఈసారి.

ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. అంటే ప్రతిసారీ ఎవరో చూసుకుంటున్నారని ఆయనకు తెలుసు. ఎవరో కాదు, నేనని తెలుసు. 'మన బుట్టే మన మాట' అన్నప్పుడల్లా ఆయన చూపు ఒక్క క్షణం నా మీద ఆగేది. అది వాత్సల్యమనుకునేదాన్ని. ఆ తొక్కలు విసిరినప్పుడు ఆయన వెనక్కి చూడకపోవడం మరుపు కాదు. నేను దాచానని మురిసిపోయిన రహస్యం ఎవరికీ రహస్యం కాదు. నేను చేస్తున్నానని అందరికీ తెలుసు, నేను చేస్తున్నానని వాళ్ళకి తెలుసని నాకే తెలియదు. మత్తు వదులుతున్నప్పుడు బుగ్గలో సూదులు గుచ్చినట్టుంటుంది. అలాంటిదేదో లోపల మొదలైంది. హాయిగా ఏమీ లేదు.

లేచి నిలబడ్డాను. "చూసుకోలేదండీ, మాస్టారూ," అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయేలోపు నర్సమ్మ కళ్ళజోడు సవరించుకుని బల్ల మీదికి వంగింది. "అయ్యో మాస్టారూ, మీ కమలాపండే! మీ ఉపదేశంలోనే చుట్టి మరీ పారేశారే!"

వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పక్కకి పాకింది. అది నన్ను చూసి నవ్విన నవ్వు కాదని కాసేపటికి అర్థమైంది. ప్రతి ఇంట్లో చూసేదేగా ఇక్కడా, అన్నట్టుగా ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

మైకు తేరుకున్నాడు. తేరుకోవడం అతనికి బాగా వచ్చు. "మిత్రులారా, ఇది మనందరి వైఫల్యం. మనందరం ఆత్మపరిశీలన చేసుకోవలసిన సమయం..."

"మనందరి సంగతి తర్వాత చూద్దాం బాబూ," అంది నర్సమ్మ. "ముందు ఆ కాఫీ కప్పు నీదే కదా? మీద నీ బొమ్మ వేసుకున్నావుగా."

ఉంది. అతను ప్రతి కప్పు మీదా పెన్నుతో చిన్న మైకు బొమ్మ గీస్తాడు, కలిసిపోకుండా.

నవ్వు తగ్గాక అభ్యర్థులు మాట్లాడాలి. మైకు వంతు అయింది. అతను ఏం చెప్పాడో విన్నాను కానీ గుర్తు లేదు. నా వంతులో రాసుకొచ్చిన కాగితం సంచిలోంచి తియ్యలేదు.

"నేను చెప్పాలనుకున్నది ఈ దుప్పటి మీదే ఉంది," అన్నాను. గొంతు చదునుగా వచ్చింది, ధరల పట్టిక చదువుతున్నట్టు. "ఇన్నేళ్ళూ మీరు చూసింది నా సాయంత్రాలని. మన బుట్టని చూడటం ఇదే మొదటిసారి. మనమే ఇలా ఉంటే ఊరు ఎలా ఉంటుందో ఇప్పుడు మనకి తెలుసు. పని ఇక్కడినుంచి మొదలుపెట్టాలి. నాకు నగర కార్యాలయంతో మాట్లాడటం వచ్చు. కంపెనీలని ఒప్పించడం వచ్చు. బుట్ట ఏరడం కూడా వచ్చు. ఆ చివరిది ఇక చెయ్యను. మీరు నన్ను ఎన్నుకున్నా చెయ్యను, ఎన్నుకోకపోయినా చెయ్యను. అది చెప్పి ఎన్నిక అడగడం న్యాయమనిపించింది."

కూచున్నాను. చప్పట్లు లేవు. నగర కార్యాలయం అధికారి ఒక్కడు, ఎందుకో, తన చేతిలో ఖాళీ అయిన టీ కప్పుని తిప్పి చూసుకుని కుర్చీ కింద జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

చేతులెత్తమన్నప్పుడు నేను వెనక్కి చూడలేదు. దుప్పటి మీద కాఫీ మరక ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నాను. మడత గీత దగ్గర ఆగిపోయింది. నర్సమ్మ లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టి, నా పేరు చెప్పింది. వెనక వరుసలన్నీ మైకు వైపు నుంచి నా వైపుకి వచ్చాయంది. పెద్ద తేడా ఏమీ కాదు. చాలినంత.

మాస్టారు పెద్దమనిషి. లేచొచ్చి చేతులు కలిపాడు. "శుభం అమ్మా. నాకు సంతోషమే," అన్నాడు. అబద్ధమనిపించలేదు. ఆ తర్వాత చూపు బల్ల మీదికి వెళ్ళింది. "మరి... ఇదెవరు తీస్తారు?"

సంచి తెరిచి గ్లౌజులు తీసి ఆయన ముందు పెట్టాను. "పెద్ద సైజువే, మాస్టారూ. మీకు సరిపోతాయి."

ఆయన వాటిని చాలాసేపు చూశాడు. తొడుక్కున్నాడా లేదా అని నేను చూడలేదు. బస్సు టైమయింది.

ఇంటికొచ్చేసరికి సింకు అంచున ముక్క లేదు. సాయంత్రం టీకి కత్తిరించిన ప్యాకెట్ కడిగి తీగ మీద ఆరేసి ఉంది, మూల తెగకుండా చిన్న చెవిలా వేలాడుతూ. ఆయన ఇంకా ఆఫీసు బట్టల్లోనే ఉన్నాడు. ఆయన పని కాదు. అత్తయ్య గోడవైపు చూస్తూ కూచుంది, తనకేమీ తెలియనట్టు. అడగలేదు. అడిగితే మళ్ళీ చెయ్యదు.

"ఏమైంది?" అన్నాడు ఆయన.

"నేనే."

"నువ్వేనా?" ఒక క్షణం ఆయన మొహం నిజంగానే వెలిగింది. ఆ క్షణం ఆయనకే ఇచ్చేశాను. తర్వాత ఆయన ఆలోచనలో పడ్డాడు. "అయితే సాయంత్రాలు ఆలస్యమవుతుందేమో. మరి వంట..."

"అవుతుంది," అన్నాను.

బల్ల ముందు కుర్చీ లాక్కుని కూచున్నాను. సంతోషం వచ్చిందేమోనని లోపల వెతుక్కున్నాను. ఇంకా రాలేదు. దానికి ముందు వేరే ఏదో వచ్చింది. చాలా రోజులుగా దాన్ని మరిచిపోయి ఉండటంతో, గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది.

"ఆకలేస్తోంది," అన్నాను.

ఇద్దరూ నా వంక చూశారు. నేను లేవలేదు.